రైలు ప్రమాదములు - నష్టపరిహార చట్టపు కథ

ఢిల్లీలో కొలువు చేయు తెలుగువారికి రైలు కేవలము వాహనము కాదు. పుట్టినూరికిని ఉద్యోగపుటూరికిని నడుమ నున్న రెండవ ఇల్లది. ఏటేట సెలవులలో రెండు రాత్రులు, మూడు పగళ్లు బండిలో గడిపినవారము. ఏ బండి ఎన్ని గంటలకు బల్హార్షా చేరునో, ఖాజీపేటలో ఎంత సేపు ఆగునో మన పిల్లలకు సైతము కంఠపాఠమే. కాని అదే బండి దారిలో పట్టాలు తప్పినచో, లేదా తలుపు కడ నిలిచినవాడు జారి క్రిందపడినచో, వానికిగాని వాని ఇంటివారికిగాని చట్టము ఏమి ఇచ్చుచున్నది, దాని కొరకు ఎవరి గడప ఎక్కవలెను అను సంగతి ఎరిగినవారు మనలో చాల కొద్దిమంది. నష్టపరిహార చట్టమన ఏదో వకీళ్ల వ్యవహారమని పేజీ త్రిప్పివేయకుడని మనవి. ఇది నూటడెబ్బది సంవత్సరములకు పైబడిన కథ. దీనియందు మొదటినుండి నడచినవి రెండే ప్రశ్నలు. దెబ్బతిన్న ప్రయాణికుడు రైలువారి తప్పును తానే నిరూపించవలెనా? ఆ విచారణ ఏ న్యాయస్థానమున జరుగవలెను?

కథ ఇంగ్లండులో మొదలగును. అచ్చటి పాత న్యాయసూత్రము ప్రకారము మనిషి చనిపోయినచో, అతనికి జరిగిన హానినిగూర్చిన దావా హక్కును అతనితోనే పోయెడిది. దీని ఫలితము వింతగా నుండెడిది. కాలు విరిగినవాడు కంపెనీపై దావా వేయవచ్చును; ప్రాణమే పోయినవాని భార్యకు మాత్రము ఏ హక్కును లేదు. గాయపరచుటకన్న చంపుటయే కంపెనీకి చౌక! ఈ లోటును పూడ్చుటకు జ్యూరీలవారు ఒక పురాతనాచారమును పట్టుకొనిరి. మరణమునకు కారణమైన వస్తువు రాజు సొత్తగునను ఆచారమది. బండి చక్రము క్రింద మనిషి పడినచో చక్రపు విలువను రాజునకు చెల్లించవలెను. 1841వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన, క్రిస్మసునకు ముందునాడు, సోనింగ్ అనుచోట గ్రేట్ వెస్టరన్ రైలు జారిపడిన మట్టిని ఢీకొని పలువురు మరణించిరి. వారిలో ఎక్కువమంది లండనులో నూతన పార్లమెంటు భవన నిర్మాణమునందు పనిచేయుచు పండుగకు ఇండ్లకు పోవుచున్న పనివారు. విచారణ జరిపిన జ్యూరీ ఆ ఇంజనుపైని, పెట్టెలపైని 1000 పౌనులు విధించినది. ఆ సొమ్ము మృతుల కుటుంబములకు చేరునది కాదు. అయినను కంపెనీలవారి గుండెలు అదరినవి. 1846లో పార్లమెంటు ఆ పాత ఆచారమును రద్దుచేసి, ఆ ఏటనే లార్డు కాంబెల్ పేర ప్రసిద్ధమైన చట్టమును తెచ్చినది. మృతుని భార్యాబిడ్డలు పరిహారమునకు దావా వేయు హక్కు దానితో ఏర్పడినది.

మన దేశమున 1853 ఏప్రిలు 16న బొంబాయి నుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడచినది. రెండేండ్లకే, 1855లో, ఆంగ్లచట్టమును పోలిన 13వ చట్టము ఇచ్చట వెలువడినది. మన దక్షిణాదిని రాయపురము నుండి తొలి రైలు బయలుదేరినది 1856 జూలైలో. అనగా మద్రాసు రాజధానిలో రైలుబండి కూత వినబడుటకు పూర్వమే ప్రమాద మరణములను గూర్చిన చట్టము వచ్చి కూర్చున్నదన్నమాట! ప్రభుత్వములు ఇంతటి ముందుచూపును చూపుట అరుదు గనుక చెప్పితిని.

కాని ఆ చట్టమున రెండు కొరతలు గలవు. మొదటిది: అందు లబ్ధిదారులు భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు మాత్రమే. అన్న సంపాదనపై బ్రతుకు చెల్లెలుగాని, మామగారి నీడన ఉన్న వితంతువగు కోడలుగాని అందులో కానరారు. ఉమ్మడి కుటుంబపు దేశమునకు ఏకకుటుంబపు దేశపు చొక్కాను తొడిగిరి. రెండవది మరింత పెద్దది: రైలువారి తప్పిదమును, అజాగ్రత్తను దావా వేసినవారే నిరూపించవలెను. సిగ్నలు ఎట్లు పడినదో, పట్టా ఏల విరిగినదో పల్లెటూరి వితంతువునకు ఎట్లు తెలియును? కాగితములన్నియు కంపెనీ బీరువాలో ఉండెను. సాక్షులందరును కంపెనీ జీతగాండ్రు.

1890 నాటి రైల్వే చట్టము సరకుల విషయమున చూపిన దయను మనుష్యులపై చూపలేదు. రైలువారికి అప్పగించిన సరకు పోయినను, చెడినను, అది ఎట్లు పోయినదో వర్తకుడు నిరూపించనక్కరలేదని ఆ చట్టమే చెప్పినది. బియ్యపు బస్తా పోయినచో జవాబు చెప్పుకొనవలసినవారు రైలువారు. బస్తా యజమాని ప్రాణము పోయినచో తప్పును వెదకి పట్టవలసినవారు అతని ఇంటివారు. ఈ తేడా ఎంతవరకు పోయినదో 1901లో ప్రీవీ కౌన్సిలు తీర్పిచ్చిన ఈస్ట్ ఇండియన్ రైల్వే వ్యాజ్యమున చూడవచ్చును. పెట్టెలో ఎవరో ఒక ప్రయాణికుడు తెచ్చిన బాణసంచా ప్రేలి మరియొక ప్రయాణికుడు మరణించెను. మృతుని తరఫువారు దావా వేసిరి. సరకు రవాణాచేయువాని బాధ్యత వేరు, మనుష్యులను రవాణాచేయువాని బాధ్యత వేరు, ప్రయాణికుని క్షేమమునకు కంపెనీ జామీనుదారు కాదు, అజాగ్రత్త రుజువు కానిచో పరిహారము లేదు అని లండనులోని పెద్దలు తేల్చిరి. ఈ బాణసంచా కథను చదువరులు కొంచెము జ్ఞాపకముంచుకొందురుగాక; తొంబది మూడేండ్ల తరువాత దీనికి సమాధానము రానున్నది.

గొప్ప మార్పు 1943లో, యుద్ధపు నడిమధ్యలో, ఎవ్వరి దృష్టికి రాకుండ జరిగినది. ఆ యేటి సవరణచే 1890 చట్టమున 82-ఏ అను కొత్త సెక్షను చేరినది. ప్రయాణికుల బండి మరియొక బండిని ఢీకొన్నను, పట్టాలు తప్పినను, బండికి మరే ప్రమాదము జరిగినను, రైలువారి తప్పు ఉన్నను లేకున్నను, ప్రయాణికుని మరణమునకును గాయములకును వారు పరిహారము నీయవలెనని దాని భావము. పరిమితి 10,000 రూపాయలు. విచారణకు సాధారణ సివిలు కోర్టు కాక, క్లెయిమ్స్ కమిషనరు అను ప్రత్యేకాధికారిని నియమించు ఏర్పాటు కూడ ఆ సవరణలోనే ఉన్నది. నేటి ట్రిబ్యునలునకు బీజమిచ్చటనే పడినది. తప్పు ఎవరిదను ప్రశ్నను పరిహారము నుండి విడదీయుట చిన్న సంగతి కాదు. ప్రమాదమునకు కారణమేమో కనుగొనుట రైల్వే భద్రతా కమిషనరు పని. ఆ శాఖ రైల్వే బోర్డు చేతి క్రింద నుండరాదనియే దానిని 1941లో వేరుచేసిరి. నేటికిని అది పౌర విమానయాన మంత్రిత్వశాఖ పాలనయందున్నది. ఆ నివేదిక వచ్చువరకు క్షతగాత్రుడు ఎదురుచూడవలసిన అగత్యము 1943 తరువాత లేకపోయెను.

ఈ సెక్షను విలువ తెలుగునేలపైననే బాగుగ తెలిసివచ్చినది. 1954 సెప్టెంబరు చివర జనగామకు సమీపమున వాగు పొంగి వంతెన కూలి రైలు నీట పడినది. 1956 సెప్టెంబరు 2న మహబూబునగరమునకును జడ్చర్లకును మధ్య మరల అట్లే జరిగినది. రెండును పాత నిజాం రైలుమార్గములు. అప్పటికి భారత రైల్వేలలో కలిసి మధ్య రైల్వే క్రింద నున్నవి. మహబూబునగర దుర్ఘటన తరువాత రైల్వే మంత్రి శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నిచ్చిరి. ప్రధాని శ్రీ నెహ్రూగారు అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరు 23న మద్రాసు రాష్ట్రమున అరియలూరు వద్ద మరియొక వంతెన కూలగా శాస్త్రిగారు మరల రాజీనామా చేసి, ఈ పర్యాయము పదవిని విడచిరి. ఆ రాజీనామాను దేశము నేటికిని తలచుకొనుచున్నది, తలచుకొనదగినదే. అయితే వరదలో కూలిన వంతెనను పాత న్యాయము ప్రకారము ‘దైవికము’ అని తోసివేయుటకు వీలుండెడిది. 82-ఏ సెక్షను ఆ వీలును మూసివేసినదను విషయమును తలచువారు లేరు. దండలు మంత్రులకు, దస్త్రములు గుమాస్తాలకు!

అయినను 1943 సవరణలో ఒక పెద్ద కంత మిగిలినది. ప్రమాదము ‘బండికి’ జరిగిననే పరిహారము. బండి క్షేమముగా పోవుచుండగా మనిషి ఒక్కడే తలుపులోనుండి జారిపడినచో, దొంగలు కొట్టినచో, పెట్టెకు ఎవరో నిప్పు పెట్టినచో ఆ సెక్షను పలుకదు. అట్టివాడు మరల సివిలు కోర్టుకే పోయి, మరల అజాగ్రత్తనే నిరూపించుకొనవలెను. క్రిక్కిరిసిన మూడవ తరగతి పెట్టెల దేశమున పెద్ద ప్రమాదములకన్న ఈ విడివిడి పతనములే అనుదినము జరుగునవని వేరుగ చెప్పనక్కరలేదు.

సివిలు కోర్టులలో రైలు వ్యాజ్యములు కుప్పలుగ పేరుకొనగా, 1987లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలు చట్టమును పార్లమెంటు ఆమోదించినది. 1989 నవంబరు 8న ట్రిబ్యునలు పని ప్రారంభించినది. ప్రధాన ధర్మాసనము ఢిల్లీలో. మన సికిందరాబాదుతో సహా పలు నగరములలో శాఖలు. సరకు నష్టము, అదనపు చార్జీల వాపసు, ప్రయాణికుల మరణము, గాయములు అన్నియు దాని పరిధిలోనివే. ఆ విషయములలో మరి యే సివిలు కోర్టునకును అధికారము లేదని చట్టము 15వ సెక్షనులో ఖండితముగ చెప్పినది. అప్పటికి కోర్టులలో నున్న వ్యాజ్యములు ట్రిబ్యునలునకు బదిలీ అయినవి.

ప్రతి ధర్మాసనమున న్యాయ సభ్యుడొకడు, సాంకేతిక సభ్యుడొకడు. ఈ సాంకేతిక సభ్యుడు రైల్వే వ్యవహారములలో ఆరితేరినవాడై ఉండవలెను. రైలువారిపై వచ్చిన దావాకు రైలు అనుభవము గలవాడే తీర్పరి యగుట బాగుగనున్నదా అని ఆక్షేపించినవారు లేకపోలేదు. నా మట్టుకు నాకు ఆ ఆక్షేపణ సగమే సరిగ తోచుచున్నది. గార్డు రాసిన నివేదికలో ఏది నిజమో, ఏది అలవాటుగ రాసినదో పసిగట్టగలవాడు బయటివానికన్న లోపలివాడే. కాని ఆ నేర్పును ఏ పక్షమున వినియోగించునో అది మనిషిని బట్టి యుండును.

విధానము మాత్రము సామాన్యునికి సులభముగనే ఏర్పరచిరి. సివిలు ప్రొసీజరు కోడునకు ట్రిబ్యునలు కట్టుబడనక్కరలేదు. సహజ న్యాయమునకు కట్టుబడిన చాలును. ప్రయాణికుల గాయములు, మరణములకు సంబంధించిన దరఖాస్తునకు రుసుము లేదు. ప్రమాదము జరిగిన నాటినుండి ఒక సంవత్సరములోగా దరఖాస్తు చేయవలెను. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో ట్రిబ్యునలు మన్నింపవచ్చును. తీర్పుపై 90 దినములలో హైకోర్టునకు అప్పీలు గలదు. ఈ ఏడాది గడువు సంగతి తెలియకనే ఎందరో హక్కు పోగొట్టుకొనుచున్నారు. ఇంట మనిషి పోయినపుడు మొదటి సంవత్సరము సంవత్సరీకముతోనే ముగియును. అప్పుడు గడువు లెక్కించువాడెవడు?

1890 చట్టము స్థానమున 1989 నాటి రైల్వే చట్టము 1990 జూలై 1న అమలులోనికి వచ్చినది. పాత 82-ఏ ఇందు 124వ సెక్షనైనది. ఆధారితుల నిర్వచనము విశాలమైనది. భార్య, భర్త, కుమారుడు, కుమార్తెలతోబాటు తల్లిదండ్రులు, మృతునిపై ఆధారపడిన మైనరు తమ్ముడు, పెండ్లికాని లేదా వితంతువగు సోదరి, వితంతువగు కోడలు, ముందే గతించిన కొడుకు బిడ్డలు, పూర్తిగా ఆధారపడిన తాత, నాయనమ్మ కూడ ఇందున్నారు. 1855లో గడప బయట నిలిచిన వితంతువగు కోడలు నూటముప్పది అయిదేండ్లకు లోపలికి వచ్చినది.

ఇక 1994. ఆ యేటి ఆగస్టు 1 నుండి 124-ఏ అను సెక్షను అమలైనది. ‘అవాంఛనీయ సంఘటన’ అను క్రొత్త మాటను అది తెచ్చినది. ఉగ్రవాద చర్య, హింసాత్మక దాడి, దోపిడి, బందిపోటుతనము, అల్లరులు, కాల్పులు, గృహదాహము వంటి దహనము, ఇవి బండిలో జరిగినను, వేచియుండు గదిలోగాని, టిక్కెట్ల కార్యాలయములోగాని, ప్లాట్‌ఫారముపైగాని జరిగినను రైలువారే పరిహారమీయవలెను. బండినుండి ప్రయాణికుడు ప్రమాదవశమున పడిపోవుటయు ఇందు చేరినది. ప్లాట్‌ఫారము టిక్కెట్టు కొని చుట్టములను సాగనంపవచ్చినవాడును ఈ సెక్షనుకు ‘ప్రయాణికుడే’. విధినిర్వహణలో నున్న రైల్వే ఉద్యోగియు ప్రయాణికుడే. తోటి ప్రయాణికుని దుశ్చర్య తమ బాధ్యత కాదని 1901లో వలె తప్పుకొను దారి రైలువారికి చాలవరకు మూసుకొనిపోయినది.

మినహాయింపులు అయిదు: ఆత్మహత్య లేదా ఆత్మహత్యా ప్రయత్నము, తనకు తాను చేసికొన్న గాయము, తన నేరకృత్యము, మత్తులోగాని ఉన్మాదములోగాని చేసిన పని, సహజ కారణము లేదా వ్యాధి. వ్యాజ్యములన్నియు ఈ మినహాయింపుల చుట్టే తిరిగినవి. కదలుచున్న బండి ఎక్కబోయి పడినవాడు ‘బండినుండి’ పడినట్లా? 2008లో కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఔనన్నది. ఇట్టి సంక్షేమ శాసనమునకు సంకుచితార్థము చెప్పరాదని, ఇది తప్పుతో నిమిత్తము లేని బాధ్యతయని ఆ తీర్పు స్పష్టపరచినది. తలుపు కడ నిలుచుట నేరకృత్యమగునా? కాదు, అది మహా యైన అజాగ్రత్త, అజాగ్రత్త నేరము కాదు అని 2010లో తీర్పు వచ్చినది. 2018 మే 9న వచ్చిన మరియొక తీర్పు మరింత ముఖ్యమైనది. ‘తనకు తాను చేసికొన్న గాయ’మనుటకు ఉద్దేశము ఉండవలెనని, దిగబోవుచు పడినవాని ఏమరుపాటు దానిక్రిందికి రాదని చెప్పుటయేగాక, టిక్కెట్టు దొరకలేదను ఒక్క కారణముచే ప్రయాణికుడు కాదనరాదని అది నిర్ణయించినది. ఆధారితులు తమకు తెలిసిన సంగతులతో ప్రమాణపత్రము దాఖలు చేసిన చాలును; పిమ్మట రుజువు భారము రైలువారిదే. చొక్కా జేబులోని కాగితపు ముక్క చొక్కాతో, నెత్తుటితో పోవునని ఎరిగినవారు వ్రాసిన తీర్పది.

మనబోటి ప్రవాసులకు ముఖ్యమైన ప్రశ్న ఒకటున్నది. ఢిల్లీలో కాపురముండు తెలుగువాడు కొత్తఢిల్లీలో టిక్కెట్టు కొని విజయవాడకు బయలుదేరినాడు. నాగపూరు సమీపమున గాయపడినాడు. దరఖాస్తు ఎక్కడ? టిక్కెట్టు కొన్నచోటగాని, ప్రమాదము జరిగినచోటగాని, గమ్యస్థానమునగాని, దరఖాస్తుదారుడు నివసించుచోటగాని అధికారము గల ధర్మాసనము కడ వేసికొనవచ్చును. ఎంపిక దరఖాస్తుదారునిది. అతడు మరణించి, భార్య బిడ్డలతో స్వగ్రామమునకు పోయి యున్నచో ఆమె మరల ఢిల్లీకి రానక్కరలేదు. తానున్న ప్రాంతపు ధర్మాసనమే చాలును. ఈ ఒక్క సంగతిని మన సమాజపు సభ్యులు గుర్తుంచుకొన్నను ఈ వ్యాసము వ్రాసిన శ్రమ నాకు దక్కినట్లే.

సొమ్ము సంగతి. మరణమునకు పరిహారము 1990 నిబంధనలచే 2 లక్షలు. 1997 నవంబరు 1 నుండి 4 లక్షలు. 2017 జనవరి 1 నుండి 8 లక్షలు. నడుమ పందొమ్మిది సంవత్సరములు అంకె కదలలేదు. ధరలు కదలక నిలిచినవా? మన కరువు భత్యము అర్ధసంవత్సరమునకొకసారి లెక్కించుకొనువారమే గదా! గాయములకు పట్టిక గలదు: రెండు చేతులు పోయినను, పనిచేయలేనంతగా చూపు పోయినను, వినికిడి పూర్తిగ పోయినను, ముఖము దారుణముగ వికృతమైనను మరణముతో సమానముగ 8 లక్షలు, ఇతర అంగనష్టములకు తరతమములనుబట్టి తక్కువ. ఆఫీసరైనను, హమాలీయైనను అంకె ఒక్కటే. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో మృతుని వయస్సు, ఆదాయము లెక్కించి పరిహారము కట్టుదురు; ఇచ్చట ప్రాణమునకు ఒకే వెల. ఇది సమత్వమని మెచ్చుకొనవచ్చును. పేదవానికి ఆదాయపు రుజువు వెదకు బెడద తప్పినదనుట నిజమే. కాని బస్సులో చనిపోయిన మనిషికిని రైలులో చనిపోయిన అదే మనిషికిని పరిహారము పలురెట్లు తేడాగ నుండుటకు న్యాయము నాకు కానరాదు. వ్యాజ్యము నడుచుచుండగా రేటు పెరిగినచో ఏ రేటు? 2018 తీర్పు ప్రకారము ప్రమాదము నాటి మొత్తమునకు వడ్డీ కలుపవలెను. అది తీర్పు నాటి రేటుకన్న తక్కువైనచో ఎక్కువ మొత్తమే ఈయవలెను.

పత్రికలలో ప్రమాదపు మరునాడే ప్రకటితమగు మొత్తము ఈ పరిహారము కాదు; అది అనుగ్రహముగ నిచ్చు తక్షణ సహాయము. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజారు వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదమునకు లోనైనపుడు మృతుల కుటుంబములకు 10 లక్షల సహాయము ప్రకటించిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద రెండు ప్రయాణికుల బండ్లు ఢీకొన్నవి. ఇట్టి సహాయము ముట్టినంతమాత్రమున ట్రిబ్యునలు గుమ్మము మూసికొనదు, దరఖాస్తు వేరుగ చేసికొనవలెను. జీవిత బీమా సొమ్మునకును దీనికిని సంబంధము లేదు. ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్టు కొనువారికి 2016 నుండి రూపాయికి లోపు ప్రీమియముతో 10 లక్షల వరకు ప్రయాణ బీమా సౌకర్యము గలదు. టిక్కెట్టు తీయునపుడు ఆ గడిలో గుర్తు పెట్టుటకు బద్ధకింపవలదు.

ఇంతయు ప్రయాణికుల మాట. బండిలో లేనివాని గతి యేమి? 2014 జూలై 24న మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని గేటున బడి బస్సును రైలు ఢీకొన్నది. ఆ పసివారు రైలు ప్రయాణికులు కారు; కావున రైల్వే ట్రిబ్యునలు పరిధి అట్టి ప్రమాదములకు వర్తింపదు. 1979లో కేరళలో జరిగిన ఇట్టి ప్రమాదమును గూర్చి 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. దానిని వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ మామిడన్న జగన్నాథరావుగారు. బస్సు కూడ ఆ ప్రమాదమున భాగమే గనుక, రైల్వేలపై దావాను మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులోనే వేయవచ్చునని, కాపలాలేని గేటు కడ తగు జాగ్రత్త తీసికొనుట రైల్వేల విధియని వారు నిర్ణయించిరి. తరువాతి యేండ్లలో, 2019 నాటికి, బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని గేట్లను రైల్వేలు తొలగించినవి. ఇక బస్సును లేక, టిక్కెట్టును లేక, కాలినడకన పట్టాలు దాటుచు మరణించిన కూలివాని భార్య మిగిలినది. ఆమెకు రైల్వే ట్రిబ్యునలు లేదు, మోటారు ట్రిబ్యునలు లేదు. సివిలు కోర్టులో, 1855 నాటి ఆ 13వ చట్టము క్రింద, రైలువారి తప్పును తానే నిరూపించుకొనవలెను.